బీటిల్‌లో 1600 ఇంజన్ వేస్తున్నారా? సైలెన్సర్ కంటే ముందు హీటర్ బాక్సులు చూసుకోండి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1200 సీసీ ఇంజన్ దింపి 1600 సీసీ డ్యూయల్ పోర్ట్ (ఒక్కో హెడ్‌కి గాలి వెళ్లే దారులు రెండు ఉండే రకం) ఎక్కించాలనుకునే వాళ్లలో చాలామంది ముందు సైలెన్సర్ కొనేస్తారు, సౌండ్ బాగుందనో మెరుస్తోందనో. మిషిగన్‌లో నా 1965 బండికి నేనూ అదే చేసి డబ్బు పోగొట్టుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

ఈ బండికి రేడియేటర్ ఉండదు కదా, మరి లోపలికి వేడి ఎక్కడిది? ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్ చుట్టూ ఉండే డబ్బా, అంటే ఫ్యాన్ హౌసింగ్ నుంచి రెండు గొట్టాల్లో చల్లగాలి హీటర్ బాక్సుల్లోకి వెళ్తుంది, అక్కడ పొగ వెళ్లే పైపు చుట్టూ తిరిగి కాగి, డోర్ల కింద ఉన్న చానెళ్ల గుండా మన కాళ్ల దగ్గరికి వస్తుంది. అంటే హీటర్ బాక్స్ సగం ఎగ్జాస్ట్, సగం హీటర్. దాన్ని తేల్చుకోకుండా సైలెన్సర్ ఎంచుకోలేం.

1200 ఇంజన్ బాక్సులు, సైలెన్సర్ 1600కి కూర్చోవు, ఎంత గుంజినా లాభం లేదు. 1200 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 64 ఎం.ఎం., 1600ది 69, ఇంజన్ వెడల్పే వేరు. 1300, 1500, 1600 మూడింటికీ స్ట్రోక్ ఒకటే కాబట్టి వాటి సామాను ఒకదానికొకటి సరిపోతుంది. సింగిల్ పోర్టా డ్యూయల్ పోర్టా అన్నది గాలి లోపలికి వెళ్లే వైపు తేడా, ఎగ్జాస్ట్ వైపు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

బాక్సులు కొనేటప్పుడు పాత జర్మన్ ఒరిజినల్స్ దొరికితే వదలకండి. వాటిలో పైపు మీద అల్యూమినియం రెక్కలు దట్టంగా ఉంటాయి, వేడి గాలికి అందేది వాటివల్లే. చవక రకాల్లో రేకు డబ్బాలో దాదాపు ఉత్త పైపే, డబ్బు పెట్టి కూడా చలికి వణకాలి. పాతవైతే ఒక పని తప్పకుండా చేయండి: పొగ వెళ్లే పైపుకి ఒక చివర మూసి, రెండో చివర నుంచి వాక్యూమ్ క్లీనర్‌తో గాలి ఊదండి, వేడిగాలి బయటికొచ్చే నోటి దగ్గర చెయ్యి పెట్టండి. గాలి తగిలిందా, లోపల పైపు తుప్పుకి చిల్లు పడినట్టే. ఆ బాక్స్ ఎంత అందంగా ఉన్నా పక్కన పడేయండి. ఆ చిల్లులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, అది నేరుగా మీ పిల్లలు కూర్చునే చోటికి వస్తుంది. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

మామూలు 1600కి ఒరిజినల్ బాక్సులు, ఒరిజినల్ సైలెన్సర్ చాలు. ఇంజన్‌ని 1776 సీసీకో అంతకు పైకో పెంచితే మాత్రం ఆ పైపులు ఇరుకవుతాయి, 38 ఎం.ఎం. పైపుల హెడర్ (సిలిండర్ల పొగ పైపుల్ని ఒకచోట కలిపే సెట్టు) గురించి ఆలోచించాలి.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. మధ్యలో ఒకే కార్బ్యురేటర్ ఉంటే దాని కింది మ్యానిఫోల్డ్‌ని (పెట్రోలు, గాలి ఇంజన్‌లోకి వెళ్లే పైపుని) వేడెక్కించడానికి సైలెన్సర్ నుంచి ఒక సన్న పైపు వస్తుంది. కొత్త రకం సైలెన్సర్లలో కొన్నింటికి దాన్ని బిగించే ఫ్లాంజే (అంచు పట్టీయే) ఉండదు. చలిరోజున కార్బ్యురేటర్ లోపల మంచు కట్టి, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడుతుంది, మీరేమో ట్యూనింగ్ తప్పనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు. పాత పైపు వాడుతుంటే లోపల మసి పేరుకుందేమో కూడా చూడండి. రెండు పక్కలా రెండు కార్బ్యురేటర్లు పెడితే ఈ పైపు అక్కర్లేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి ఉంటే హీటర్ పూర్తిగా తీసేసి హీటర్ బాక్సుల స్థానంలో జె ఆకారం పొగ పైపులు వేసుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఫ్యాన్ హౌసింగ్ మీద గొట్టాలు తగిలించే రెండు నోళ్లూ మూసేయాలి, లేకపోతే సిలిండర్లని చల్లబరచాల్సిన గాలి ఊరికే బయటికి పోతుంది. ఇంజన్ చుట్టూ ఉండే రేకుల్లో ఆ గొట్టాలు దిగే రంధ్రాలూ మూయండి, లేదంటే కింద ఉన్న వేడిగాలి పైకెక్కి మళ్లీ ఫ్యాన్‌లోకే వెళ్తుంది. మన ఎండలకి ఇంజన్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది చెప్పండి.

బిగించేటప్పుడు అన్నిటికీ కొత్త గ్యాస్కెట్లు, రాగి నట్లు వాడండి. బాక్సులు, సైలెన్సర్, క్లాంపులు అన్నీ వదులుగా తగిలించి, ఎక్కడా బలవంతం లేకుండా కూర్చున్నాయని చూశాకే హెడ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. పాత నట్టు మొరాయిస్తే ముందురోజు రాత్రే నూనె వేసి ఉంచండి, హెడ్‌లో ఉండే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) విరిగితే ఇంజన్ దింపాల్సిందే. బండి నాలుగైదు సార్లు నడిపాక, పూర్తిగా చల్లారనిచ్చి, నట్లన్నీ ఇంకోసారి చూడండి.