ఎండాకాలం డాబా మీద పూలమొక్క వాడితే ముందు చూడాల్సింది

మే వచ్చిందంటే గుంటూరులో మొక్కలు పెంచేవాళ్ళ నోట ఒకటే మాట: "రెండుపూటలా నీళ్ళు పోస్తున్నా బిళ్ళగన్నేరు కూడా నిలవట్లేదండీ." బిళ్ళగన్నేరు, కాగితంపూలు, నాచుపూలు, అడీనియం (ఎడారి గులాబీ) మన ఎండకి లొంగే రకాలు కావు. అవే వాడాయంటే ముందు వేళ్ళ దగ్గర చూడాలి.

మధ్యాహ్నం తల వాల్చి, సాయంత్రానికి లేస్తోంది

ఇది జబ్బు కాదు. మండుటెండలో వేరు పీల్చేదానికన్నా ఆకు వదిలే నీరే ఎక్కువ, చల్లబడ్డాక అదే సర్దుకుంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకి చూసి కంగారుపడి నీళ్ళు పోయకండి. పొద్దున ఆరింటికి ఒకసారి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ ఎవరూ చెయ్యరు.

పొద్దున కూడా వాడే ఉంది, నీళ్ళేమో కిందనుంచి కారుతున్నాయి

కింద కారాయి కాబట్టి మొక్క తాగిందనుకుంటారు. మోసమంతా ఇక్కడే. మన నల్లరేగడి ఎండితే కుంచించుకుపోతుంది. పొలంలో నెర్రెలిస్తుంది, కుండీలో ఐతే మట్టి అంచు వదిలేస్తుంది. అగ్గిపుల్ల దూరేంత సందు చాలు, పోసిన నీళ్ళన్నీ ఆ అంచు వెంట జారి చిల్లులోంచి డాబా మీదికి పోతాయి. పైన అరంగుళం తడి, కింద పళ్ళెంలో నీళ్ళు, వేళ్ళున్న నడిమి ముద్ద మాత్రం పిడకలా పొడి. అది తెలియక బలం లేదేమోనని ఎరువు వేస్తారు, దాంతో ఆకుల అంచులు మాడతాయి. నర్సరీ ఎర్రమట్టి ముద్దని అలాగే కోకోపీట్‌లో (కొబ్బరిపొట్టులో) నాటినా ఇదే జరుగుతుంది: నీళ్ళు వదులుగా ఉన్న చోటునుంచి దిగిపోతాయి, గట్టి ముద్ద తడవదు.

నీళ్ళు పోసిన పావుగంటకి కొబ్బరి చీపురుపుల్ల ఒకటి కాండానికి రెండంగుళాల దూరంలో లోతుగా గుచ్చి తీయండి. తడిమట్టి అంటుకుని వస్తే కారణం వేరే. పొడిగా వచ్చినా, అసలు దిగకపోయినా ఇదే.

చిన్న కుండీని టబ్బు నీళ్ళలో అంచుకి కాస్త కిందివరకు మునిగేలా పెట్టండి. బుడగలు వస్తాయి. అవి పూర్తిగా ఆగేదాకా, అరగంటో ముప్పావుగంటో, ఉంచి తీసి నీడలో పెట్టండి. అడీనియాన్నైతే బుడగలు ఆగాక అసలు నీళ్ళలో ఉంచకండి. కదపలేని పెద్ద కుండీకి ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి ఆ సందులో కూరండి. తర్వాత చెంబెడు పోసి, పది నిమిషాలాగి మళ్ళీ చెంబెడు, పుల్ల తడిగా వచ్చేదాకా. పైన ఎండాకులు గానీ కొబ్బరిపీచు గానీ కప్పండి. రోహిణికార్తెలో కుండీ మార్చే పని పెట్టుకోవద్దు. తొలకరి పడ్డాక రేగడి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి మార్చుకోవచ్చు.

మిగతావి

కాగితంపూల మొక్క ఆకులే వేస్తుంటే నీళ్ళు తగ్గించండి. నాచుపూలు విచ్చుకోకపోతే ఎండ చాలట్లేదు. అడీనియం మొదలు మెత్తబడితే కుళ్ళిన భాగం కోసేసి, గాయం ఆరేదాకా నీళ్ళు ముట్టించకండి. కొత్తగా తెచ్చిన మొక్క ఆకులు తెల్లగా మాడితే, షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలో పెట్టారన్నమాట. వారం పదిరోజులు పొద్దుటి ఎండే చూపించండి. పైపులో ముందొచ్చే వేడినీళ్ళు బకెట్‌లోకి వదిలేయండి. వైరస్, వేళ్ళకి పట్టే నులిపురుగుల సంగతి చీపురుపుల్ల గుచ్చి చూశాకే ఆలోచించండి.