మతం మీద కామెడీ సినిమాకి గ్యాంగ్ మొత్తాన్ని తీసుకెళ్ళడం ఎలా

హిందూ, ముస్లిం, క్రిస్టియన్ అందరూ ఉన్న గ్యాంగ్ అయితే ఇలాంటి సినిమా కలిసి చూస్తేనే మజా, కాకపోతే కొంచెం ప్లానింగ్ కావాలి.

ముందు ఆ సినిమా ఎవర్ని చూసి నవ్విస్తోందో కనుక్కోండి. 2015లో వచ్చిన గోపాల గోపాలలో భూకంపానికి షాపు కూలిపోతే అది దేవుడి పని మేం డబ్బులివ్వం అంటారు ఇన్సూరెన్స్ వాళ్ళు, దాంతో వెంకటేష్ ఏకంగా దేవుడి మీదే కేసేస్తాడు, కానీ జోకులన్నీ దేవుడి పేరు చెప్పి దుకాణం పెట్టినోళ్ళ మీదే, అందుకే భక్తులు కూడా నవ్వుతారు. 2022లో అంటే సుందరానికీ చూడండి, బ్రాహ్మల అబ్బాయి, క్రిస్టియన్ అమ్మాయి, పట్టింపుల్లో ఏ ఇల్లూ తక్కువ కాదు. ఇలాంటివైతే కళ్ళు మూసుకుని టికెట్లు బుక్ చేసేయొచ్చు. ఒక్క మతం వాళ్ళ యాసనీ వేషాన్నీ పట్టుకుని ఆడుకునే టైపు అయితే మాత్రం వద్దు, ట్రైలర్లోనే తెలిసిపోద్ది.

అసలు తలనొప్పి షో టైమే. శుక్రవారం మార్నింగ్ షో 11కి పడితే జుమ్మా నమాజ్ కోసం మీ ఫ్రెండ్ మధ్యలో లేవాలి, మ్యాట్నీ అయితే నమాజ్ నుంచి పరిగెత్తుకుంటూ రావాలి. ఆదివారం పొద్దున చర్చి. రంజాన్ నెలలో ఫస్ట్ షోకి ఇఫ్తార్, సెకండ్ షోకి తరావీ (రంజాన్ రాత్రుల్లో చేసే నమాజ్) అడ్డమొస్తాయి కాబట్టి పండగయ్యాకే పెట్టుకోండి. కార్తీకంలో అయ్యప్ప మాలేసుకున్న స్వామిని పిలిచి ఇబ్బంది పెట్టొద్దు, మాల తీసేదాకా ఆగండి. పోనీ శనివారం మ్యాట్నీ అనుకుంటే సెవెంత్ డే చర్చి వాళ్ళకి ఆ రోజే ఆరాధన, సాయంత్రం పొద్దుగూకేదాకా కుదరదు (ఈ సంగతి చాలామందికి తెలీదు). అన్నీ లెక్కేస్తే నా ఓటు శనివారం సెకండ్ షోకే.

పిల్లలొస్తుంటే సర్టిఫికెట్ చూడండి, 2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని విడగొట్టారు.

హాల్లో మతాలవారీగా గుంపులు కట్టకుండా కలిసి కూర్చోండి. ఇంకోటి, ఇది చాలా ముఖ్యం, నమాజ్ మీదో పాస్టర్ మీదో పంతులు గారి మీదో జోకు పడగానే అందరూ టక్కున ఆ మతం ఫ్రెండ్ మొహం వంక తిరుగుతారు చూడండి, ఆ పని మాత్రం చెయ్యకండి. వాడు నవ్వాలా వద్దా అని ఇరుకున పడిపోతాడు, మిగతా సినిమా అంతా బిగుసుకుని కూర్చుంటాడు. మీరు స్క్రీన్ వంక చూస్తే చాలు, అందరికంటే ముందు వాడే పగలబడతాడు. అలాగే మీ మతంలో నిజంగా ఇలాగే ఉంటదా అని చెవిలో గుసగుసలు వద్దు, బయటికొచ్చాక అడుగుదురు.

ఇంటర్వెల్‌లో చికెన్ ఐటమ్స్ జోలికి పోవద్దు, హలాలా కాదా అంటే కౌంటర్లో కుర్రాడికి తెలీదు, పైగా శనివారం నీచు ముట్టని వాళ్ళుంటారు. పాప్‌కార్న్, కార్న్ సమోసా చాలు.

సెకండ్ షో వదిలేసరికి హైదరాబాద్‌లో మెట్రో ఉండదు, కాబట్టి బండ్లు ఎవరు తెస్తున్నారో, ఎవర్ని ఎవరు దింపుతారో టికెట్లు బుక్ చేసేముందే తేల్చుకోండి.