ల్యాబ్ సామాన్ల గిరాకీ లెక్కగట్టడం ఎలా?

ల్యాబ్ పరికరాల మార్కెట్ ఏటా ఇన్ని శాతం పెరుగుతోందని చెప్పే నివేదికలకు కొదవ లేదు. వచ్చే నెలకు ఎన్ని కిట్లు తెప్పించాలో మాత్రం వాటిలో దొరకదు. ఆ లెక్క ల్యాబ్ బల్ల దగ్గర మొదలవ్వాలి.

1. సరుకును రెండుగా విడదీయండి. సెంట్రిఫ్యూజ్ (శాంపిళ్లను వేగంగా తిప్పి వేరుచేసే మెషీన్), ఇంక్యుబేటర్ (ఒకే వేడిలో ఉంచే పెట్టె) లాంటివి కొంటే ఏళ్ల తరబడి నడుస్తాయి. పిపెట్ టిప్పులు, ట్యూబులు, రీఏజెంట్లు (పరీక్షలో కలిపే రసాయనాలు) రోజూ అయిపోతుంటాయి. రెంటినీ ఒకే పట్టికలో వేస్తే రెండు లెక్కలూ చెడతాయి.

2. మెషీన్లకు వయసు చూడండి. 60 సెంట్రిఫ్యూజులున్నాయి, ఒక్కోటి 8 ఏళ్లు నడుస్తుందనుకుంటే, పాతవి మార్చడానికే ఏటా 7, 8 కావాలి. అన్నీ ఒకే ఏడు కొన్నవైతే ఈ సగటును నమ్మొద్దు. కొన్నేళ్లు ఒక్కటీ అమ్ముడుపోదు, తర్వాత అన్నీ ఒక్కసారే అడుగుతారు. కొత్తగా తెరిచే ల్యాబ్‌లను విడిగా కలపండి.

3. కిట్లను శాంపిళ్లలోకి మార్చండి. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఒక ప్లేట్ వచ్చే ఎలైసా కిట్ (యాంటీబాడీల్లాంటివి కొలిచే పరీక్షది) చూడండి. ప్లేట్‌లో 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉంటాయి కదా అని 96 శాంపిళ్లు వస్తాయనుకుంటారు. 8 స్టాండర్డ్‌లు (పోల్చి కొలవడానికి, మోతాదు ముందే తెలిసినవి) రెండేసి చొప్పున వేస్తే 16 వెల్స్, 2 కంట్రోళ్లకు (పరీక్ష సరిగా నడిచిందో చూపేవి) 4. మిగిలేవి 76. శాంపిళ్లనూ రెండేసి వేస్తే 38 మాత్రమే పడతాయి. నెలకు 400 శాంపిళ్లుంటే 5 కిట్లు చాలవు, 11 కావాలి.

అదీ ప్లేట్ నిండా నడిపితేనే. వారానికి 10 శాంపిళ్లే వచ్చే చోట, నడిపిన ప్రతిసారీ స్టాండర్డ్‌లు, కంట్రోళ్లు మళ్లీ వేయాలి. వాటికి 20, శాంపిళ్లకు 20, ఒక్కో రన్‌కు 40 వెల్స్ పోతాయి. రెండు రన్‌లయ్యాక మిగిలే 16 వెల్స్ స్టాండర్డ్‌లకే సరి. అంటే కిట్‌కు 20 శాంపిళ్లే. చిన్న ల్యాబ్‌లు శాంపిల్‌కు ఎక్కువ కిట్లు వాడటానికి కారణం దుబారా కాదు, ఇదీ సంగతి.

4. రీఏజెంట్ ఏ మెషీన్‌దో రాసుకోండి. కొన్ని అనలైజర్లు (శాంపిళ్లను పరీక్షించే మెషీన్లు) సొంత కంపెనీ రీఏజెంట్ తప్ప వేరేది తీసుకోవు. అక్కడ మెషీన్ మారిందంటే పాత రీఏజెంట్‌కు గిరాకీ ఆ రోజుతో సరి.

5. ఎప్పుడు ఆర్డర్ పెట్టాలో తేల్చుకోండి. నెలకు 11 కిట్లు వాడుతూ, సరుకు రావడానికి 2 నెలలు పడితే, నిల్వ 22కు తగ్గేలోపే ఆర్డర్ వెళ్లాలి. ఆలస్యాలకు కొంత అదనంగా ఉంచండి, కానీ గడువు తేదీ దాటేంత కాదు. రీఏజెంట్ డబ్బా మీది తేదీ మూత తీయకముందుది. తీశాక ఎన్నాళ్లు పనికొస్తుందో లోపలి కాగితంలో విడిగా ఉంటుంది.

6. పెరుగుదలను ధర నుంచి వేరు చేయండి. అమ్మకాల విలువ 10 శాతం పెరిగి, ధరలు 6 శాతం పెరిగి ఉంటే, సరుకు పెరిగింది 4 శాతంలోపే.

2020లో ఫిల్టర్ టిప్పులకు కరువొచ్చినప్పుడు, ఎక్కడ ముందు దొరికితే అక్కడ తీసుకుందామని ఒకే అవసరానికి ఇద్దరు ముగ్గురికి ఆర్డర్ ఇచ్చినవాళ్లున్నారు. ఇలాంటి కాలపు ఆర్డర్లు చూసి గిరాకీ మూడింతలైందనుకుంటే గోదాములో సరుకు మిగిలిపోతుంది. ఆర్డర్ల జాబితా పక్కన పెట్టి, ల్యాబ్‌లో రోజూ ఎన్ని టిప్పుల ర్యాకులు విప్పారో రాసే రిజిస్టర్ అడిగి చూడండి.