మోషే ధర్మశాస్త్రంలో మనకు వర్తించేది ఏది? మా స్త్రీల సమాజంలో తేల్చుకునే పద్ధతి

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు రేపల్లె దగ్గర మా లూథరన్ గుడిలో స్త్రీల సమాజం బైబిలు చదువు నడుపుతున్నాను. అక్కడ రోమా పత్రిక మీద ప్రశ్నలు వచ్చేది తక్కువ. చేతి మీద టాటూ వేయించుకోవచ్చా టీచరుగారూ? నెలసరిలో ప్రభు భోజనం తీసుకోవచ్చా? పక్కింటివాళ్లు ప్రసాదం తెచ్చిస్తే ఏం చేయాలి? దశమభాగం చేతికొచ్చే జీతం మీద లెక్కేయాలా, పీఎఫ్ కోయకముందు జీతం మీదా? అన్నీ తిరిగి తిరిగి మోషే ధర్మశాస్త్రం దగ్గరికే, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లోని ఆజ్ఞల దగ్గరికే వస్తాయి.

వీటికి రెడీమేడ్ జవాబులు రెండున్నాయి. "అదంతా పాత నిబంధన, సిలువ దగ్గర కొట్టేశారు" అనేది ఒకటి. అలా అనేవాళ్లకు మత్తయి 5:17 చూపిస్తాను. ధర్మశాస్త్రాన్ని కొట్టేయడానికి రాలేదని యేసే చెప్పాడు. "దేవుడి మాట మారదు, రాసింది రాసినట్టే చేయాలి" అనేది రెండోది. అలా అనేవాళ్లను, కొత్తగా నాటిన మామిడి మొదటి మూడేళ్ల కాపు తిన్నారా అని అడుగుతాను. తినకూడదని లేవీయకాండం 19:23లో ఉంది. నాలుగో ఏటి కాపు దేవునిది, ఐదో ఏటి నుంచి మనది. ఇది పాటించే విశ్వాసిని మా డెల్టాలో నేనింకా చూడలేదు.

వేదాంతం చదివినవాళ్లు మూడో దారి చెబుతారు. ధర్మశాస్త్రాన్ని నీతి ఆజ్ఞలు, ఆరాధన ఆచారాలు, ఇశ్రాయేలు దేశపు చట్టాలు అని మూడుగా విడదీసి, మొదటివి మాత్రం ఎప్పటికీ ఉంటాయంటారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే కేథలిక్ వేదాంతి దీన్ని వివరంగా రాశాడు. ఇంగ్లండులో ప్రొటెస్టెంట్లు రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలోనూ ఈ విభజనే ఉంది. పనికొచ్చేదే, కాదనను. కానీ మోషే ఏ వచనానికీ లేబుల్ అంటించలేదు కదా. లేబుల్ మనమే అంటిస్తున్నప్పుడు, మనకు కష్టమనిపించిన ఆజ్ఞ చటుక్కున "ఆచారం" అయిపోతుంది. అందుకే మేం వేరే రకంగా చదువుతాం.

అధ్యాయం మొత్తం పైకి చదవండి

ఒక్క వచనం పట్టుకొని ఎవరైనా వాదనకు దిగితే ముందు ఆ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివించండి. టాటూ సంగతే చూడండి. పచ్చబొట్లు పొడిపించుకోకూడదని లేవీయకాండం 19:28లో ఉంది. చచ్చినవాళ్ల కోసం ఒళ్లు చీరుకోకూడదనే మాట కూడా అదే వచనంలో ఉంది. అంటే చుట్టుపక్కల జనాల సంతాప ఆచారాల నుంచి ఇశ్రాయేలీయులను వేరుచేసే సందర్భంలో వచ్చిన ఆజ్ఞ ఇది. ఇప్పుడు మిగతా 36 వచనాలు చదవండి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు (13). చెవిటివాణ్ని తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టొద్దు (14). తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడు (32). పరదేశిని బాధపెట్టొద్దు (33). దొంగ తూకాలు వద్దు (35-36). యేసు రెండో గొప్ప ఆజ్ఞగా చెప్పిన "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమించు" ఉన్నదీ ఈ అధ్యాయంలోనే, 18వ వచనంలో.

మనవడి టాటూ మీద గొడవపడిన ఇంట్లోనే కోతలు అయిన వారానికి గాని కూలి డబ్బులు ఇవ్వలేదనుకోండి. ఈ అధ్యాయం చదివాక ఇంకెవరూ టాటూ మాట ఎత్తరు. మా పాత తరం అమ్మమ్మల చేతుల నిండా పచ్చబొట్లే, ఆ చేతులతోనే ప్రభు భోజనం తీసుకున్నారు. ఆ సంగతి కూడా నేను గుర్తుచేస్తూ ఉంటాను.

నెలసరి ప్రశ్నకూ ఇదే మందు. లేవీయకాండం 15 చూపించి ఆడవాళ్లను ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రావద్దనేవాళ్లు 19వ వచనం దగ్గర మొదలుపెడతారు. 1 నుంచి 18 దాకా మగవాళ్ల అపవిత్రత గురించే ఉంది. వీర్యస్ఖలనం అయితే స్నానం చేసి సాయంత్రం వరకు అపవిత్రుడిగా ఉండాలి. ఆ లెక్కన ఆదివారం పొద్దున ఎంతమంది మగవాళ్లు గుడి బయట నిలబడాలో మరి.

ఆ ఆజ్ఞ ఎవరిని కాపాడుతోందో, ఖర్చు ఎవరి మీద పడుతోందో రాయండి

నోట్‌బుక్కులో పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు "ఎవరికి మేలు", కుడివైపు "ఎవరికి ఖర్చు" అని రాయించండి. మా పద్ధతిలో అసలు పని ఇదే. దీనికి తొందరపడొద్దు.

ద్వితీయోపదేశకాండం 22:8: కొత్త ఇల్లు కట్టుకుంటే డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ దోషం నీ ఇంటి మీదికి వస్తుంది. మేలు డాబా ఎక్కినవాళ్లకి, ఖర్చు ఇంటాయనకి. పిట్టగోడ లేని డాబా మీద వడియాలు ఎండబెట్టే మా ఊళ్లో దీనికి వివరణ అక్కర్లేదు.

ద్వితీయోపదేశకాండం 24:6: తిరగలిని గాని, పైరాయిని గాని తాకట్టు పెట్టుకోవద్దు. 24:10-11: అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకోవడానికి ఇంట్లోకి జొరబడకూడదు, బయట నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చివ్వాలి. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో గుమ్మంలో కూర్చొని వసూలు చేసినవాళ్లను చూసిన ఆడవాళ్లు మా సమాజంలో ఉన్నారు. ఈ వచనం చదివినప్పుడు "ఇది పాతదా?" అని నేను అడగను, వాళ్లే మాట్లాడతారు. తిరగలి అంటే ఇవాళ ఏమిటి అని మాత్రం అడుగుతాను. కుట్టుమిషను అంటుంది ఒకావిడ, ఆటో అంటుంది ఇంకొకావిడ.

వడ్డీ దగ్గరికి వచ్చేసరికి గది కాస్త నిశ్శబ్దమవుతుంది. పేదవాడికి అప్పిచ్చి వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం 22:25, లేవీయకాండం 25:36-37 చెబుతాయి. మాలో నూటికి రెండు రూపాయలకు తిప్పేవాళ్లున్నారు. అది ఏడాదికి 24 శాతం. అయిదు రూపాయల వడ్డీ అయితే 60 శాతం. బ్యాంకు డిపాజిట్ వడ్డీ వేరు, వ్యాపారానికి ఇచ్చే అప్పు వేరు అని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రి ఖర్చుకు వచ్చిన మనిషి దగ్గర ఐదు రూపాయలు తీసుకొని, ఆదివారం అందులో పదోవంతు కానుక వేస్తే ఆ కానుకను ఏమనాలి? ఇలా కొన్ని వారాలు రాశాక మీకే ఒకటి తెలుస్తుంది. ఎదుటివాడికి ఖర్చయ్యే ఆజ్ఞలు మనకు నోటికి వచ్చు. మన జేబుకు ఖర్చయ్యేవి ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

కొత్త నిబంధన దాన్ని ఏం చేసిందో చూడండి

బైబిలు చివర రిఫరెన్సులు ఉంటే అవి చాలు, లేకపోతే ఫోన్‌లో వెతకండి. సాధారణంగా మూడు నాలుగు రకాలుగా తేలుతుంది.

కొన్నిటి పని క్రీస్తులో అయిపోయింది. బలుల గురించి హెబ్రీ 10 ఆ మాటే చెబుతుంది. తిండి విషయం మార్కు 7:19లో, పేతురుకు యొప్పేలో కలిగిన దర్శనంలో (అపొస్తలుల కార్యములు 10) తేలిపోయింది, కాబట్టి రొయ్యల మీద టెన్షన్ అక్కర్లేదు. అడ్వెంటిస్టు బంధువులు రొయ్యలు, పంది మాంసం ముట్టకపోతే అది వాళ్ల మనస్సాక్షి. వాళ్లు భోజనానికి వచ్చినప్పుడు వేరే కూర వండండి. రోమా 14 అడిగేది అంతే.

కొన్నిటిని యేసు ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. నరహత్య వద్దన్నచోట కోపాన్ని పట్టుకున్నాడు. "కంటికి కన్ను" అన్నచోట ప్రతీకారాన్నే ఆపాడు. కొన్నిటిలో ఉన్న న్యాయాన్ని పౌలు తీసి వేరేచోట వాడాడు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయొద్దనే ద్వితీయోపదేశకాండం 25:4ను 1 కొరింథీ 9:9లో సువార్తికుల జీవనానికి అన్వయించాడు. పాత చట్టాన్ని కొత్తచోట ఎలా వాడాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు, మాలో రైతు ఇళ్ల ఆడవాళ్లకు మరీను. పనిచేసే నోటికి తిండి ఆపొద్దు అన్నదే దాని సారమైతే, గుడి ఊడ్చే మనిషి జీతం సంగతీ అందులోకే వస్తుంది.

ప్రసాదం, రక్తం విషయంలో కొత్త నిబంధనలోనే రెండు చోట్ల చూడాలి. యెరూషలేము సభ అన్యజనులకు సున్నతి భారం పెట్టలేదు గాని విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం మానమంది (అపొస్తలుల కార్యములు 15). పౌలేమో అంగట్లో అమ్మేదాన్ని ఏమీ అడగకుండా తినమని, "ఇది అర్పించింది" అని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం తినొద్దని 1 కొరింథీ 10లో రాశాడు. నేనైతే పక్కింటావిడతో "మేం తీసుకోమండీ, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ చెబుతాను. పండక్కి ఆవిడ చేసిన అరిసెలు పూజకు ముందే విడిగా తీసి పంపుతుంది, ఇబ్బంది లేదు. మేక రక్తం వేపుడు మాత్రం మా ఇంట్లో వండం. వండేవాళ్లతో వాదనా పెట్టుకోను.

దశమభాగానికి, పదోవంతు మందిరానికి తెమ్మనే మలాకీ 3 ఒక్కటే చూపించేవాళ్లకు ద్వితీయోపదేశకాండం 14:28-29 కూడా చూపించండి. మూడో ఏటి పదోవంతు లేవీయుడితోపాటు పరదేశి, తండ్రిలేని పిల్లలు, విధవరాలు తిని తృప్తి పొందడానికి. ఆ తర్వాత మత్తయి 23:23 చదవండి. పుదీనా, సోపు, జీలకర్రలో సైతం పదోవంతు తీసి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పరిసయ్యులను (ధర్మశాస్త్రం విషయంలో పట్టుదలగా ఉండే యూదు వర్గం) యేసు ఏమన్నాడో ఉంటుంది. పీఎఫ్ ప్రశ్న వేసిన అమ్మాయికి నేనిచ్చిన జవాబు ఇది: ముందు మీ అత్తగారి మందులు కొను, తర్వాత లెక్క వేసుకో. దేవుడికి ఇచ్చేశామని చెప్పి అమ్మానాన్నలను ఎగ్గొట్టే కొర్బాను పద్ధతిని యేసు మార్కు 7లో గట్టిగా ఖండించాడు.

విశ్రాంతి దినం గురించి ఒక్క మాట. నిర్గమకాండం 20 దానికి సృష్టిని కారణంగా చెబుతుంది, ద్వితీయోపదేశకాండం 5 ఐగుప్తులో చేసిన దాస్యాన్ని. నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని రెండోచోట ప్రత్యేకంగా ఉంది. మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథరు 1525లో చేసిన ఒక ప్రసంగంలో మోషే చట్టం యూదులకు ఇచ్చిందని తెగేసి చెప్పాడు. అదే మనిషి 1529 నాటి చిన్న కేటకిజంలో (ప్రశ్న-జవాబుల బోధ పుస్తకం) పది ఆజ్ఞలనే మొదట పెట్టాడు. అందులో విశ్రాంతి దినానికి ఇచ్చిన వివరణలో శనివారం ఊసే లేదు, దేవుని వాక్యాన్ని తృణీకరించొద్దన్నాడు. నేను దానికి ఒక ప్రశ్న చేరుస్తాను. మీరు గుడి నుంచి వచ్చేసరికి బిర్యానీ వండి పెట్టే పనిమనిషికి వారంలో సెలవు ఏ రోజు?

మింగుడుపడనివి వస్తే

వస్తాయి. బానిసను కొట్టడం గురించి నిర్గమకాండం 21:20-21, చెరచినవాడికే ఆ పిల్లను ఇచ్చి పెళ్లి చేయాలనే అర్థం వచ్చే ద్వితీయోపదేశకాండం 22:28-29. వీటిని అందంగా సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి, వినే ఆడపిల్లలకు తెలిసిపోతుంది. రెండుచోట్లకు తీసుకెళ్లండి. భార్యను విడిచిపెట్టడం గురించి పరిసయ్యులు అడిగితే, మీ హృదయకాఠిన్యం వల్ల మోషే ఒప్పుకున్నాడు గాని ఆదినుంచి అలా లేదని యేసు అన్నాడు (మత్తయి 19:8). అంటే ధర్మశాస్త్రంలో దేవుడి కోరికతోపాటు, అప్పటి మనుషుల మొండితనానికి వేసిన కళ్లెం కూడా ఉంది. రెండోది సంఖ్యాకాండం 27. కొడుకులు లేని సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు, మా నాన్న భూమి మాకెందుకు రాదని మోషే ముందు నిలబడి అడిగారు. వాళ్లన్నది సరే అని దేవుడే చెప్పి చట్టం మార్పించాడు. అడిగితే మారిన చట్టం అది.

ఈ అధ్యాయం చదివిన రోజు భారత వారసత్వ చట్టం, 1925 గురించి కూడా చెబుతాను. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసిన అన్నదమ్ములు చెప్పరు.

మొదలుపెట్టేవాళ్లకు

నిర్గమకాండం 20తో, పది ఆజ్ఞలతో మొదలుపెట్టండి. మీ గుంపులో వేరే సంఘాలవాళ్లుంటే ఆజ్ఞను అంకెతో పిలవొద్దు. లూథరన్లకూ కేథలిక్కులకూ ఆరో ఆజ్ఞ వ్యభిచారం గురించి, బాప్టిస్టులకు నరహత్య గురించి. తర్వాత లేవీయకాండం 19, ద్వితీయోపదేశకాండం 24, అప్పుడు అదే పుస్తకంలో 15వ అధ్యాయం. లేవీయకాండం మొదటి ఏడు అధ్యాయాల బలులను హెబ్రీ పత్రికతో కలిపి చదివేదాకా పక్కన పెట్టండి. ఒక కూడికకు ఒక అధ్యాయం మించొద్దు. చివర్లో అందరూ తమకు ఖర్చయ్యే వచనం ఒకటి నోట్‌బుక్కులో రాసుకోవాలి. పక్కవాళ్లకు చూపించక్కర్లేదు.