ఇంటర్వెల్ జవాబు తేడా కొడుతోందా? ముందు కొసలు చూడండి

పైథాన్‌లో పోర్షన్ (portion) లైబ్రరీతో సంఖ్యల ఇంటర్వెల్స్ (ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా అనే పరిధులు) మీద పనిచేస్తుంటే ఎర్రర్ ఏమీ రాదు, జవాబు మాత్రం తప్పుతుంది. అసలు టెన్షన్ అదే. నేను చూసినంతలో తప్పు దాదాపు ఎప్పుడూ కొసల దగ్గరే దొరుకుతుంది. కింద రాసినవి కోడ్ కాదు, గణితం గుర్తులు: [ లేదా ] ఉంటే కొస మూసి ఉన్నట్టు, ఆ సంఖ్య లోపలే; ( లేదా ) ఉంటే కొస తెరిచి ఉన్నట్టు, ఆ సంఖ్య బయటే; | అంటే కలపడం.

సమస్య: [1, 2], [3, 4] కలిపితే [1, 4] రావడం లేదు, రెండు ముక్కలుగానే ఉంటున్నాయి.

కారణం: మీ మనసులో ఉన్నవి పూర్ణాంకాలు. లైబ్రరీకి మాత్రం 2కీ 3కీ మధ్య 2.5 ఉంది, ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి. అందుకే ఆ రెండు ముక్కల్నీ అది తనంతట తాను కలిపేయదు, కలపకూడదు కూడా.

పరిష్కారం: పూర్ణాంకాల్లాంటి విడి విలువల కోసం లైబ్రరీలోనే ఒక బేస్ క్లాస్ (మన క్లాస్‌కు పునాదిగా వాడేది) ఉంది. దాని నుంచి సొంత క్లాస్ రాసుకుని, అడుగు (ఒక విలువకీ తర్వాతి దానికీ తేడా) 1 అని చెప్పండి. చిన్న పనికి అంత అక్కర్లేదు. కుడి కొస తెరిచి [1, 3), [3, 5) అని రాసుకుంటే కలిసి [1, 5) అయిపోతాయి. నాకు ఈ పద్ధతే ఇష్టం, ఎందుకంటే ఒకటి ముగిసిన చోటే ఇంకొకటి మొదలవుతుంది.

సమస్య: తీసివేశాక కూడా కొస సంఖ్య లెక్కలోకి వస్తోంది.

కారణం: [0, 10] నుంచి [4, 6] తీసేస్తే వచ్చేది [0, 4) | (6, 10]. పై హద్దు ఎంతని అడిగితే మొదటి ముక్క 4 అనే చెబుతుంది, కానీ 4 అందులో లేదు.

పరిష్కారం: హద్దుతో పాటు ఆ కొస మూసి ఉందా, తెరిచి ఉందా అన్నది కూడా చదవండి.

సమస్య: [0, 0.3], (0.1 + 0.2, 1] కలిపితే ఒక్కటి కావడం లేదు.

కారణం: ఫ్లోట్‌లో (కంప్యూటర్ దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకంలో) 0.1 + 0.2 అంటే 0.30000000000000004. మధ్యలో సన్నని ఖాళీ మిగిలిపోతుంది.

పరిష్కారం: పైథాన్‌లోని ఫ్రాక్షన్ (భిన్నాన్ని కచ్చితంగా దాచే రకం) వాడండి. విలువను కొటేషన్లలో '0.3' అని ఇవ్వాలి. ఉత్త 0.3 ఇస్తే ఫ్లోట్ తప్పు అందులోకీ వచ్చేస్తుంది.

సమస్య: జవాబు ఖాళీగా వస్తోంది.

కారణం, పరిష్కారం: [3, 1] అని హద్దులు తిరగేసి ఇచ్చారేమో చూడండి. లైబ్రరీ దాన్ని ఖాళీ ఇంటర్వెల్‌గా తీసుకుని ఊరుకుంటుంది.

కొసలతో సంబంధం లేనిది ఒకటుంది. [0, 5] | [10, 20] - [3, 12] అని రాస్తే పైథాన్ ముందు తీసివేత చేసి, తర్వాత కలుపుతుంది. అందుకే [0, 5] | (12, 20] వస్తుంది. మీకు కావాల్సింది [0, 3) | (12, 20] అయితే, మొదటి రెండింటినీ కలిపి గుండ్రటి బ్రాకెట్లలో పెట్టండి.