పాత సెడాన్‌కు ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది?

నేను కొన్నప్పుడు నా సెడాన్ వయసు పదకొండేళ్లు, మీటరులో 1,26,000 కిలోమీటర్లు. ఆరేళ్లుగా దానితోనే నెట్టుకొస్తున్నాను. ముందు సీటు ఎదుటి అరలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఏ పని చేయించినా తేదీ, మీటరు అంకె, అయిన ఖర్చు అందులో రాస్తాను. ఖర్చును డబ్బు లెక్కలో కాకుండా ‘సర్వీసు’ల్లో రాసుకోవడం నా అలవాటు. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చడానికి కూలితో సహా ఎంతవుతుందో అది ఒక సర్వీసు. ధరలు పెరుగుతూనే ఉంటాయి గానీ ఈ నిష్పత్తి అంతగా మారదు. ఇక్కడ చెప్పేవన్నీ నా బండి లెక్కలే. మీ బండికి కొంత అటూ ఇటూ కావచ్చు.

పాత బండి చూడటానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే, మీరు వచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడు బయటపడే రోగాలు వేడెక్కాక దాక్కుంటాయి. తాళం సగం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ హెచ్చరిక దీపం వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి, ఎవరైనా దాని నోరు నొక్కేసి ఉండవచ్చు. స్టార్ట్ చేసే క్షణంలో ఒకరిని వెనక నిలబెట్టండి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. మొదట్లో ఒక్కసారి గుప్పుమని పోతే వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది. తెల్ల పొగ చలిలో కాసేపు వచ్చి పోతే అది ఆవిరే. బండి వేడెక్కినా ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లోపల కాలుతోంది. ఆ బండిని అక్కడే వదిలేసి రండి.

ఎందుకంటే ఆ తియ్యటి వాసన వెనక ఉండేది చాలాసార్లు హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ దిమ్మెకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే పలుచటి అడ్డు. నా పుస్తకంలో పద్నాలుగు సర్వీసులు మింగిన పని అది. మొదలైంది మాత్రం ఒక సర్వీసు కూడా కాని థర్మోస్టాట్‌తో, అంటే కూలెంటు దారిని తెరిచి మూసే చిన్న భాగంతో. ఉష్ణోగ్రత ముల్లు మధ్య గీత దాటి కొంచెం పైకి పోవడం వారం రోజులు చూశాను. ‘ఎండ ఎక్కువగా ఉందిలే’ అనుకున్నాను. థర్మోస్టాట్ మూతబడి ఇరుక్కుంటే వేడి కూలెంటు రేడియేటర్ గుండా తిరగదు. పై గొట్టం కాలిపోతుంటే కింది గొట్టం చల్లగా ఉంటుంది. అప్పుడు నాకది తెలియదు. అల్యూమినియం హెడ్ అతివేడికి వంగింది, గాస్కెట్ పోయింది.

ముల్లు ఎప్పుడు ఎక్కుతోందో గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఎక్కి, వేగంగా పోతుంటే దిగితే ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు చూడండి. ఇవి చవక. వేగంలోనే ఎక్కితే రేడియేటర్ పూడుకుపోయిందేమో, నీటి పంపు నీరసించిందేమో చూడాలి. ముల్లు ఎర్ర గీతకు చేరితే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా తియ్యకండి. లోపలి కూలెంటు ఒత్తిడి వల్లే 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో అది మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

క్లచ్ సంగతి కొంచెం సిగ్గుపడుతూ చెప్పాలి. మూడో ఏట క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్పించాను, ఆరు సర్వీసులు. గేర్‌బాక్స్ దించాక మెకానిక్ నన్ను పిలిచి, టార్చి వేసి, ఇంజిన్ వెనక వైపు వేలితో తుడిచి చూపించారు. వేలి కొనకు నల్లటి తడి. ‘వెనక ఆయిల్ సీలు చెమ్మ పడుతోంది సార్, ఇప్పుడే మార్చేద్దాం’ అన్నారు. అరచేతిలో పట్టే రబ్బరు చుట్టు, ధర సర్వీసులో పదో వంతు కూడా లేదు. చెమ్మే కదా, కారడం లేదు కదా అని నేనే వద్దన్నాను. ఎనిమిది నెలలకు ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ రొద పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు, కాలిన వాసన. మళ్లీ గేర్‌బాక్స్ దించారు. ప్లేటు ఆయిల్లో నానిపోయింది. ఆరబెట్టి వాడదామా అని అడిగాను. ఆయన సమాధానం చెప్పకుండా ప్లేటు నా చేతిలో పెట్టారు.

అప్పటినుంచి ఏ పనికైనా ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: ‘ఇది విప్పితే ఇంకా ఏమేం చేతికి అందుతాయి?’ పాత బండిలో భాగం ధర కంటే దాని దాకా చేరే దారే ఖరీదు. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ అందుకు మంచి ఉదాహరణ. చాలా ఇంజిన్లలో నీటి పంపు ఆ బెల్టుతోనే తిరుగుతుంది. బెల్టు మార్చేటప్పుడే పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ మారిస్తే కూలి ఒక్కసారే. కొన్ని ఇంజిన్లకు బెల్టు బదులు గొలుసు ఉంటుంది, ముందు మీదేదో తెలుసుకోండి. బెల్టు గడువు కిలోమీటర్లతో పాటు ఏళ్లలో కూడా ఉంటుంది, తక్కువ తిరిగిన బండి అని ఊరుకోవద్దు. తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బండి అమ్మేవారు బెల్టు మార్చినట్టు బిల్లు చూపలేకపోతే మార్చలేదనే లెక్కవేసి, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

కింది భాగం చప్పుళ్లు వినడం అలవాటు చేసుకోవాలి. చిన్న గతుకులకు టకటక అంటే స్టెబిలైజర్ లింకు రాడ్లు, చవక పని. బ్రేకు వేసినప్పుడు ఠక్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చూడాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి కదిలించినప్పుడు కటకట అంటే యాక్సిల్ బయటి జాయింటు అరిగింది. దీని కథ కూడా రబ్బరుదే. జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగి గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మిన మరకలు కనబడగానే మారిస్తే ఒక సర్వీసులో పోతుంది, ఇసుక చేరాక యాక్సిల్‌కు నాలుగు. వేగంతో పెరిగే గుయ్యిమనే శబ్దం మలుపులో మారుతుంటే చక్రం బేరింగు.

బ్రేకు ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చడమే, బేరాలు వద్దు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు ముదిరితే గీతలు ఎంత లోతున్నా లాభం లేదు.

వోల్టులు కొలిచే ఒక మల్టీమీటరు కొనుక్కోండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే తప్పు ఆల్టర్నేటర్ (నడుస్తున్న ఇంజిన్‌తో బ్యాటరీని నింపేది) వైపు, కొత్త బ్యాటరీ వేసి ప్రయోజనం లేదు. బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్ చదివే చిన్న పరికరం కూడా పనికొస్తుంది. అయితే కోడ్ చెప్పేది ఫిర్యాదు, దోషి పేరు కాదు. నా బండి ఒకసారి పి0171 చూపింది: ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని. ఆక్సిజన్ సెన్సర్ మార్చాలన్నారు ఒకచోట. తీరా చూస్తే, వేలెడు పొడవు వాక్యూమ్ గొట్టం పగిలి, అక్కడినుంచి అదనపు గాలి ఇంజిన్‌లోకి పోతోంది.

ఏసీ గురించి రాయను. నాది రెండేళ్లుగా చల్లబడటం లేదు, కిటికీలు బాగానే పనిచేస్తున్నాయి.

పుస్తకంలో ప్రస్తుతం చివరి పద్దు స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను మళ్లించే భాగం. చెమ్మ పడుతోంది, తొమ్మిది సర్వీసుల అంచనా. ద్రవం ట్యాంకు మీద పెన్సిల్‌తో గీత గీశాను, మూడు నెలలైనా మట్టం దాని కిందికి దిగలేదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు ఎలాగూ మార్చాలి, రెండు పనుల తర్వాతా వీల్ అలైన్‌మెంట్ చేయించక తప్పదు. అందుకే ఒకేరోజు రెండూ విప్పమని చెప్పి వచ్చాను.