చెమట తగ్గించే స్టిక్ తయారీ: పోసే వేడి దగ్గరే అసలు పని

డియోడరెంట్ వాసన వరకే చూసుకుంటుంది. యాంటీపర్‌స్పిరెంట్‌లో ఉండే అల్యూమినియం లవణం చెమటలో కరిగి, చెమట నాళాల మూతి దగ్గర జెల్‌లా గడ్డకట్టి, చెమటనే తగ్గిస్తుంది. అందుకే ఆ లవణం చర్మానికి తగిలేదాకా పొడిగానే ఉండాలి, స్టిక్ అంతటా సమానంగా పరుచుకుని ఉండాలి.

వంద పాళ్లలో సుమారు 45 సైక్లోపెంటాసిలోక్సేన్ తీసుకోండి, రాసుకున్నాక మెల్లగా ఆవిరైపోయే సిలికోన్ ద్రవం ఇదే. మైనంలా గట్టిగా ఉండే స్టీరైల్ ఆల్కహాల్ 20, గట్టిపరచిన ఆముదం మైనం 4, పైన చెప్పిన లవణం, అంటే అల్యూమినియం జిర్కోనియం పొడి 22, సువాసన 1, మిగతాది టాల్క్, ఎమోలియెంట్ (చర్మాన్ని మెత్తబరిచే నూనెలాంటి పదార్థం). అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమంలో ఈ లవణానికి 20 శాతమే పరిమితి, కానీ ఆ లెక్క పొడిలోని నీరు, దానిలో కలిసి ఉండే గ్లైసిన్ తీసేశాక వేసేది, కాబట్టి 22 వేసినా పరిమితి దాటినట్టు కాదు.

ముందు ద్రవం, మైనాలు కలిపి 80–85 డిగ్రీలకు వేడిచేయండి. ఆ సిలికోన్ ఆవిరి 77 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు కాబట్టి మూత ఉన్న జాకెట్ ట్యాంకే (రెండు గోడల మధ్య వేడినీళ్లో ఆవిరో తిరిగే ట్యాంకు) వాడాలి, దగ్గర్లో మంట పెట్టనే కూడదు. అంతా తేటగా కరిగాక పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి, మాస్క్ లేకుండా మాత్రం వద్దు. ట్యాంకులో నీటి తడి ఉంటే పొడి ఉండలు కడుతుంది. ఒక చుక్క గాజు పలక మీద పల్చగా రాసి, చల్లారాక వేలితో రుద్ది చూడండి, గరగరలాడితే పొడి ఉండల్ని చితక్కొట్టి కలిపే యంత్రం, హోమోజినైజర్, ఇంకాసేపు నడపాలి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. కలుపుతూనే చల్లార్చి, 60 డిగ్రీల దగ్గర సువాసన వేయండి. కాస్త మిశ్రమం చిన్న గిన్నెలో తీసి థర్మామీటర్ పెట్టి, ఏ డిగ్రీ దగ్గర మెరుపు పోయి మీగడ కడుతుందో రాసుకోండి, దానికి రెండు మూడు డిగ్రీల పైనే డబ్బాల్లో పోయాలి. మరీ వేడిగా పోస్తే గట్టిపడేలోపే పొడి అడుగుకు దిగిపోతుంది, మధ్యలో గుంట కూడా పడుతుంది. తలకిందులుగా నింపే డబ్బాల్లోనైతే ఆ పొడంతా ముందు రాసుకునే కొసకే చేరుతుంది, అంటే మొదట్లో తెల్లటి మరకలు, చివర్లో పనిచేయని మైనం. చల్లబడిపోయాక పోస్తే పొరలు, గాలి బుడగలు. నింపుతున్నంతసేపూ హాపర్‌లో, అంటే డబ్బాల్లోకి మిశ్రమాన్ని వదిలే తొట్టిలో, కలుపుడు ఆపకండి, నా దృష్టిలో ఎక్కువ బ్యాచ్‌లు పాడయ్యేది ఇక్కడే.

మరుసటి రోజు ఒక స్టిక్‌ను నిలువునా కోసి చూడండి, రంగు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. కొన్నింటిని 45 డిగ్రీల్లో వారాలపాటు ఉంచి, నూనె చెమర్చుతోందా, బరువు తగ్గుతోందా గమనించండి. బరువు తగ్గుతుంటే సిలికోన్ ఆవిరైపోతున్నట్టే, స్టిక్ కుంచించుకుపోయి డబ్బాలో కదులుతుంది, అప్పుడు ఫార్ములా జోలికి పోకుండా ముందు మూత బిగుతు సరిచేయండి.